నీరు ఎంత వేడికి మరుగుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత నెల ఈ శీర్షికలో ఇడ్లీపాత్ర గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, "నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్క మీదే ఈసారి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. కొందరు తప్పు పట్టారు, కొందరు తమ ఊళ్లో అలా జరగడం లేదని రాశారు, ఇంకొందరు అసలు డిగ్రీ అంటే ఏమిటని మొదటికి వెళ్లారు. తప్పు పట్టినవారి వాదనలో న్యాయం ఉంది కనుక వారితోనే మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: నీరు ఆవిరి కావడానికి 100 డిగ్రీల వేడి కావలసి ఉంటే, దండెం మీద ఆరేసిన మా బట్టలు 30 డిగ్రీల నీడపట్టున కూడా ఎలా ఆరుతున్నాయి? (ఒంగోలు నుంచి ఒక గృహిణి)

జవాబు: పొరపాటు నాదే. నేను రాయవలసిన మాట "మరుగుతుంది", రాసిన మాట "ఆవిరవుతుంది". మన వంటింటి తెలుగులో కాగడం, తెర్లడం, మరగడం, ఇగరడం అని ఇన్ని మాటలు ఉండగా ఒకదాని చోట మరొకటి వాడటం నాకు తగని పని.

నీరు ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. నీటి అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. పైపొరలో ఉన్నవాటిలో కొన్ని మిగిలినవాటికంటే చురుకుగా కదులుతూ, పక్క అణువుల పట్టు విడిపించుకొని గాలిలోకి వెళ్లిపోతాయి. దీనినే ఇగరడం అంటాము, పాఠ్యపుస్తకాలలో బాష్పీభవనం అంటారు. చురుకైనవి వెళ్లిపోయాక మిగిలినవాటి సగటు శక్తి తగ్గుతుంది కనుక మిగిలిన నీరు చల్లబడుతుంది. మట్టికుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా చెమర్చిన నీరు ఇగిరిపోతూ లోపలి నీటిని చల్లబరచడానికి కారణం ఇదే. గాలిలో అప్పటికే ఉన్న తేమ నుంచి కొన్ని అణువులు తిరిగి బట్ట మీదికి చేరుతుంటాయి కనుక, తేమ ఎక్కువగా ఉండే మీ కోస్తా గాలిలో రాకపోకలు దాదాపు సరిపోయి బట్టలు ఆలస్యంగా ఆరతాయి, పొడిగాలి ఉన్న చోట్ల తొందరగా ఆరతాయి.

ఇగరడం పైపొరలో జరిగే పని. మరగడం నీటి లోపల, గిన్నె అడుగు నుంచి జరిగే పని. ఆ తేడా ఎక్కడ తేలుతుందో చెప్పాలంటే తరువాతి ఉత్తరం దగ్గరకు వెళ్లాలి.

ప్రశ్న: తరగతిలో బీకరుతో నీరు మరిగించి థర్మామీటరు పెట్టి చూపించాను. పాదరసం 97 దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలు మరిగించినా అక్కడి నుంచి కదలలేదు. పుస్తకంలో 100 అని ఉంది. థర్మామీటరు పాడైపోయిందని పిల్లలు తీర్మానించారు. వారికి నేనేమి చెప్పాలి? (అరకులోయ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: థర్మామీటరు పాడైపోలేదని చెప్పండి. పుస్తకం కూడా అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి వదిలేసింది. మిగిలిన సగం మీ బీకరు చెప్పింది.

పొయ్యి మీద పెట్టిన నీటిని మొదటి నుంచి గమనించండి. కాస్త వేడెక్కగానే గిన్నె గోడలకు అంటుకొని సన్నని బుడగలు కనిపిస్తాయి. అవి నీటి ఆవిరివి కావు, నీటిలో కరిగి ఉన్న గాలి బయటపడుతూ కట్టిన బుడగలు. ఇంకా వేడెక్కాక అడుగున అసలైన ఆవిరి బుడగలు పుడతాయి, కానీ పైనున్న నీరు ఇంకా అంత వేడిగా ఉండదు కనుక కాస్త పైకి లేవగానే అవి చితికిపోతాయి. కాఫీకి నీళ్లు పెట్టినప్పుడు మరగడానికి ముందు వినిపించే "సుయ్" మనే చప్పుడు ఈ చితకడం వల్ల పుట్టేదే. నీరంతా ఒకే వేడికి వచ్చిన తరువాత బుడగలు చితికిపోకుండా పైదాకా వచ్చి పగులుతాయి, ఆ చప్పుడు మారి కళపెళ మొదలవుతుంది. వంట చేసే చేతికి అలవాటైన చెవి ఉంటే మూత తీయకుండానే ఎసరు వచ్చిందో లేదో చెప్పగలగడం ఇందుకే.

ఆవిరి బుడగ చితికిపోకుండా నిలవాలంటే దాని లోపలి ఆవిరి, బయటి నుంచి నొక్కే ఒత్తిడికి సరిసమానంగా తిరిగి నొక్కగలగాలి. బయటి నుంచి నొక్కేది ముఖ్యంగా మన నెత్తిమీద ఉన్న గాలి. నీరు వేడెక్కేకొద్దీ దాని ఆవిరి పీడనం పెరుగుతుంది. పీడనాన్ని, అది ఎంత ఎత్తు పాదరసాన్ని నిలపగలదన్న లెక్కన మిల్లీమీటర్లలో చెబుతారు. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 32 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి సమానం, 97 డిగ్రీల దగ్గర సుమారు 682 మిల్లీమీటర్లు, 100 డిగ్రీల దగ్గర 760 మిల్లీమీటర్లు. సముద్రమట్టం దగ్గర సాధారణ వాతావరణ పీడనం కూడా సరిగ్గా ఆ 760 మిల్లీమీటర్లే. కాబట్టి విశాఖపట్నం ఒడ్డున నీటి ఆవిరి గాలితో సమవుజ్జీ కావడానికి 100 డిగ్రీల దాకా ఆగాలి. మీ అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మీ మీద ఉన్న గాలి అంతమేరకు తక్కువ, దాని పీడనం 680 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. పైన చెప్పిన అంకెలతో పోల్చి చూస్తే నీటి ఆవిరి ఆ పీడనాన్ని ఏ ఉష్ణోగ్రత దగ్గర అందుకుంటుందో మీ పిల్లలే చెప్పగలరు.

ఉజ్జాయింపుగా, ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీరు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గుతుందని అనుకోవచ్చు. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అంటే నగరంలో ఇన్ని లక్షల వంటిళ్లలో ఏ ఒక్కదానిలోనూ మంచినీరు, మూత తెరిచిన గిన్నెలో, పుస్తకంలోని 100 డిగ్రీలను అందుకోవడం లేదు. హార్సిలీ కొండల మీద 96కు కాస్త అటూ ఇటూ, లడఖ్‌లోని లేహ్‌లో 88, ఎవరెస్టు శిఖరం మీద 71 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉన్న మృతసముద్రం ఒడ్డున మాత్రం మంచినీరు 101 దాటాక గాని మరగదు. ఒకే ఊళ్లో కూడా రోజు రోజుకూ గాలి పీడనం మారుతుంది. బలమైన తుపాను నడినెత్తి మీద ఉన్న రోజున సముద్రపు ఒడ్డున కూడా ఒక డిగ్రీ దాకా తగ్గవచ్చు, అయితే ఆ పూట పొయ్యి దగ్గర థర్మామీటరు పట్టుకొని కూర్చునేవారు ఉండరు.

ఈ తేడాను తలనొప్పిగా చూడకుండా పనిముట్టుగా వాడుకున్నవారు ఉన్నారు. నీరు మరిగే ఉష్ణోగ్రతను బట్టి ఎత్తు తెలుస్తుంది కనుక, 19వ శతాబ్దంలో హిమాలయాలను కొలిచిన సర్వేయర్లు థర్మామీటరునూ చిన్న కెటిలునూ వెంట తీసుకొని తిరిగారు. కుమావూఁ ప్రాంతపు మిలం గ్రామానికి చెందిన నయన్ సింగ్ రావత్ భారత సర్వే శాఖ పక్షాన, పరదేశీయులకు ప్రవేశం లేని టిబెట్టులోకి మారువేషంలో వెళ్లి 1866లో లాసా చేరాడు. జపమాలలో 108కి బదులు 100 పూసలు పెట్టుకొని అడుగులు లెక్కించాడు, ప్రార్థనచక్రంలో దిక్సూచినీ రాతకాగితాలనూ దాచాడు, ఎవరూ చూడని వేళ నీరు మరిగించి థర్మామీటరు చదివి లాసా ఎత్తును అంచనా కట్టాడు. మీ విద్యార్థులు మీ బీకరుతో చేసినది సరిగ్గా ఆ పనే. తరగతిని రెండు జట్లుగా చేసి, 97 అన్న అంకె మాత్రం ఇచ్చి, మన ఊరు ఎంత ఎత్తులో ఉందో కట్టమనండి.

థర్మామీటరు మీద ఇంకా అనుమానం మిగిలితే దాన్ని కరుగుతున్న మంచుముక్కల్లో ఉంచి చూడండి. మంచు కరిగే ఉష్ణోగ్రత గాలి పీడనంతో దాదాపు మారదు కనుక అరకులోనైనా అనకాపల్లిలోనైనా సున్నా చూపాలి. సున్నా సున్నాగానే చూపి, మరిగే నీరు 97 చూపితే థర్మామీటరు సత్యం చెబుతున్నట్టే. మరో చిన్న జాగ్రత్త: ప్రయోగశాలల్లో థర్మామీటరు బల్బును మరిగే నీటిలో ముంచరు, నీటికి కాస్త పైన, ఆవిరిలో వేలాడదీస్తారు. పాత్ర నునుపు, అందులోని మలినాలు మరిగే నీటి ఉష్ణోగ్రతను కాస్త అటూ ఇటూ చేస్తాయి గాని, పైకి వచ్చిన ఆవిరి ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: ఎసరు తెర్లడం మొదలుపెట్టగానే మా అత్తగారు సెగ తగ్గించేస్తారు. సెగ పెంచితే అన్నం తొందరగా ఉడుకుతుందని నా వాదన. మా ఇద్దరిలో ఎవరిది ఒప్పు? కుక్కరు విషయంలో కూడా ఇదే గొడవ. (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఈ గొడవలో తలదూర్చడం క్షేమం కాదని తెలిసినా, మీ అత్తగారి పక్షమే చెప్పవలసి వస్తోంది.

నీరు ఒకసారి మరగడం మొదలుపెట్టాక దాని ఉష్ణోగ్రత ఇక పెరగదు. అరకు బడిలో పది నిమిషాలు మరిగించినా పాదరసం కదలకపోవడం ఇదే. మీరు పెంచిన సెగ నీటిని ఆవిరిగా మార్చడానికి ఖర్చయిపోతుంది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలోకేలరీల వేడి చాలు. అదే లీటరు నీటిని 100 డిగ్రీల దగ్గరే ఉంచి పూర్తిగా ఆవిరి చేయడానికి 540 కిలోకేలరీలు కావాలి, అంటే ఏడున్నర రెట్లకు పైనే. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ కూడా పెంచకుండా నీటిలో దాగిపోయే ఈ వేడిని గుప్తోష్ణం అంటారు. దీన్ని 1760ల తొలి సంవత్సరాలలో స్కాట్లాండు శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ కొలిచి చూపాడు. బియ్యపు గింజకు కావలసింది దాని చుట్టూ ఉన్న నీటి ఉష్ణోగ్రత, గిన్నె కింద ఉన్న మంట పొడుగు కాదు. సన్నగా మరిగే ఎసరూ, మూత ఎగిరిపడేలా పొంగే ఎసరూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. రెండోదానిలో గ్యాసు వృథా అవుతుంది, గంజి పొయ్యి మీదికి పొంగుతుంది, అన్నం మాత్రం అదే వేళకు ఉడుకుతుంది.

మీ వాదనకూ కాస్త చోటుంది. ఎసరు మరగడానికి ముందు సెగ పెంచితే నీరు తొందరగా కాగుతుంది. చన్నీళ్లు ఎక్కువగా పోసినప్పుడో, నానబెట్టిన పప్పు ఒక్కసారిగా వేసినప్పుడో మరుగు తగ్గిపోతుంది, మళ్లీ మరుగు పట్టేదాకా పెద్ద సెగ పెట్టడం సబబే.

కుక్కరు చేసే పని అరకు చేసిన పనికి సరిగ్గా తలకిందులు. అక్కడ గాలి పీడనం తగ్గి నీరు ముందే మరిగింది. ఇక్కడ ఆవిరిని బంధించి పీడనం పెంచుతాము కనుక నీరు ఆలస్యంగా మరుగుతుంది. మామూలు ఇంటి కుక్కరు వెయిట్ లేచేసరికి లోపలి పీడనం బయటి గాలికి ఇంచుమించు రెట్టింపు అవుతుంది, నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. పప్పు పది నిమిషాల్లో మెత్తబడేది ఆ అదనపు 20 డిగ్రీల వల్లే. ఒకసారి కూత వచ్చిందంటే వెయిట్ ఇక పీడనాన్ని పెరగనివ్వదు. ఆ తరువాత పెద్ద మంట పెట్టి కూతల మీద కూతలు వేయించడం అంటే మరిగే గిన్నె కింద సెగ పెంచడమే, సిమ్‌లో పెట్టినా లోపల అదే వేడి ఉంటుంది. లేహ్‌లో కుక్కరు లేకుండా కందిపప్పు ఉడికించడం గగనమని అక్కడికి వెళ్లివచ్చిన వారు చెబుతారు. 88 డిగ్రీలకు బియ్యంలోని పిండిపదార్థం ఉడుకుతుంది గాని, పప్పు గింజ గోడలు మెత్తబడటం చాలా నెమ్మదిస్తుంది. అక్కడ అదే కుక్కరు లోపల కూడా 120 రాదు, 114 దగ్గర ఆగుతుంది. వెయిట్ తన బరువు మేరకు పీడనాన్ని బయటి గాలికి కలుపుతుంది, అక్కడ బయటి గాలే పలచన.

ఈ సందర్భంలోనే ఇడ్లీపాత్ర మూత గురించి ఒక హెచ్చరిక. గిన్నె పైన తెల్లగా పొగలా కనిపించేది నిజానికి ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి కట్టిన సన్నని నీటి తుంపర. అసలైన ఆవిరి కంటికి కనిపించదు. కెటిలు మూతిని ఆనుకొని ఉన్న ఖాళీ జాగాలాంటి చోట అది ఉంటుంది. అది చర్మం మీద పడితే ముందు నీరుగా మారుతూ గ్రాముకు 540 కేలరీల గుప్తోష్ణాన్ని వదులుతుంది, ఆ తరువాత ఆ నీరు ఒంటి వేడికి దిగివస్తూ మరో 60 కేలరీలు వదులుతుంది. మరిగే నీరు వదిలేది ఆ 60 మాత్రమే. అందుచేత మూతను ముఖానికి ఎదురుగా కాక, అవతలి వైపు నుంచి ఎత్తండి.

ప్రశ్న: నీటిలో ఉప్పు వేస్తే ఎక్కువ వేడికి మరుగుతుందంటారు. ఎసట్లో చిటికెడు ఉప్పు వేస్తే అన్నం తొందరగా ఉడుకుతుందా? (కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ఉడకదు. లీటరు నీటిలో ఒక చెంచాడు, అంటే ఆరు గ్రాముల ఉప్పు కలిపితే మరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో పదోవంతు పెరుగుతుంది. మీ నాలుకకు తెలిసినంతగా మీ థర్మామీటరుకు తెలియదు. సముద్రపు నీటికైనా పెరిగేది అర డిగ్రీకి కాస్త ఎక్కువ.

నీటిలో ఏదైనా కరిగితే మరుగు స్థానం పెరుగుతుందన్న సూత్రం నిజంగా పనికివచ్చే చోటు ఉప్పు కాదు, చక్కెర. మీ ఇంట్లో పండుగకు అరిసెల పాకం పడుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. పాకం మరిగేకొద్దీ నీరు ఇగిరిపోతుంది, చక్కెర పాలు పెరుగుతుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత కూడా మెట్టు మెట్టుగా పైకి పోతుంది. మామూలు నీటిలా ఇది ఒక అంకె దగ్గర ఆగదు. తీగపాకం 105 దాటి 110 డిగ్రీల వైపు పోతుండగా వస్తుంది, చన్నీళ్లలో వేస్తే మెత్తని ఉండకట్టే పాకం 112 నుంచి 116 డిగ్రీల మధ్య, గట్టి ఉండపాకం 120 దాటాక వస్తాయి. పాశ్చాత్య మిఠాయి తయారీదారు థర్మామీటరు ముంచి చదివే విషయాన్నే మన వంటింటి పెద్దలు రెండు వేళ్ల మధ్య తీగ సాగదీసీ, చన్నీళ్ల గిన్నెలో చుక్క వేసీ చదువుతారు. ఇద్దరూ కొలిచేది ఒకటే, పాకంలో ఇంకా ఎంత నీరు మిగిలిందన్నది. బెల్లంలో మలినాలు, తేమ ఒక్కో దానిలో ఒక్కో రకంగా ఉంటాయి కనుక అరిసెల విషయంలో డిగ్రీలకంటే నీళ్లగిన్నెనే నేను ఎక్కువ నమ్ముతాను.

ప్రశ్న: ఇక్కడ ఓవెన్‌లో 350 డిగ్రీలు పెట్టి కేకు చేస్తున్నాము. నీరు 212 డిగ్రీలకే మరుగుతుంది కదా, మరి కేకులోని తడి అంతా ఆవిరైపోదా? ఇంకో సందేహం కూడా ఉంది. 350 డిగ్రీల ఓవెన్‌లో చేయి పెట్టి గిన్నె సర్దగలను, 212 డిగ్రీల నీటిలో వేలు కూడా పెట్టలేను. ఎందుకని? (అమెరికాలోని డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు చెప్పినవి ఫారెన్‌హీట్ డిగ్రీలు. అందులోంచి 32 తీసివేసి, వచ్చినదాన్ని 5తో హెచ్చించి 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. ఆ లెక్కన మీ ఓవెన్ 177 సెల్సియస్, మరిగే నీరు 100. ఓవెన్ గాలి అంత వేడిగా ఉన్నా కేకు నడిమిభాగం 100 దాటదు. లోపల తడి ఉన్నంతవరకు, చేరిన వేడి ఆ తడిని ఆవిరి చేయడానికే పోతుంది. విజయవాడ ఎసరులో జరిగినదే ఇక్కడా జరుగుతోంది. పైపొరలో తడి ఆరిపోయాక మాత్రమే అక్కడి ఉష్ణోగ్రత 100 దాటి పెరుగుతుంది, అప్పుడే ఆ గోధుమవన్నె వస్తుంది. ఉడికించిన దుంప ఎర్రబడదు, వేపుడు ఎర్రబడుతుంది, కారణం ఒకటే.

రెండో సందేహం ఈ నెల వచ్చిన వాటన్నిటిలోకీ నాకు నచ్చింది. ఉష్ణోగ్రత వేరు, ఉష్ణం వేరు. ఒక వస్తువులోని అణువులు సగటున ఎంత హోరుగా కదులుతున్నాయో చెప్పేది ఉష్ణోగ్రత. ఒక వస్తువు నుంచి మరొకదానికి ప్రవహించే శక్తి ఉష్ణం. ఆ ప్రవాహం ఎంతన్నది ఉష్ణోగ్రతల తేడా మీదే కాక, ఎంత పదార్థం తగులుతోంది, అది ఏ పదార్థం అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది. ఓవెన్‌లోని ఒక లీటరు వేడిగాలి బరువు ఒక గ్రాము కూడా ఉండదు. అది మీ ఒంటి వేడికి చల్లబడేటప్పుడు ఇవ్వగలిగేది పాతిక కేలరీలు. ఒక లీటరు మరిగే నీరు అలా చల్లబడితే ఇచ్చేది 60 వేల కేలరీలు. పైగా గాలి కంటే నీరు వేడిని చాలా వేగంగా చేరవేస్తుంది. అందుకే గాలిని చేయి కాసేపు భరిస్తుంది, నీటిని క్షణం కూడా భరించదు. అదే ఓవెన్‌లోని ఇనుప తట్టను మాత్రం పొరపాటున కూడా తాకవద్దు. దాని ఉష్ణోగ్రత గాలిదే అయినా, అది వేడిని దాచుకొని ఉంటుంది, అందించడంలోనూ నీటిని మించిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో మైక్రోవేవ్‌లో వేడిచేసిన గ్లాసు నీటిలో కాఫీపొడి వేయగానే నీరంతా ఒక్కసారి ఎగజిమ్మింది. అప్పటిదాకా ఒక్క బుడగ కూడా లేదు. కారణం ఏమిటి? (తిరుపతి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బుడగ పుట్టడానికి ఒక గరుకుతనమో, చిక్కుకున్న కాస్త గాలో, ఒక పలుకో ఆధారం కావాలి. నునుపైన గాజు గ్లాసులో, అడుగు నుంచి కాక నీటిలోనే వేడి పుట్టించే మైక్రోవేవ్‌లో ఆ ఆధారం దొరకక నీరు మరగకుండానే తన మరుగు స్థానాన్ని దాటి వేడెక్కుతుంది. కాఫీపొడి పలుకులు పడగానే ఒకేసారి వేల బుడగలకు ఆధారం దొరుకుతుంది. ఈసారి గ్లాసులో ముందుగా ఒక చెక్క చెంచా వేసి ఉంచండి, వేడి అయ్యాక కూడా అర నిమిషం ఆగి బయటికి తీయండి.

ప్రశ్న: జనవరిలో మా ఊళ్లో 20 డిగ్రీలు, మే నెలలో 40 డిగ్రీలు. అంటే వేడి రెట్టింపయినట్టేనా? ఇంకో మాట. ఎండను సెల్సియస్‌లోనూ, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లోనూ చెప్పడం మనకెందుకు అలవాటైంది? (నల్గొండ నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని)

జవాబు: రెట్టింపు కాలేదు. సెల్సియస్ సున్నా అంటే వేడి లేని స్థితి కాదు, మంచు కరిగే స్థితి మాత్రమే. మన సౌకర్యం కోసం అక్కడ ఒక గీత గీసి సున్నా అన్నాము. ఇంటి గడప దగ్గర నుంచి మెట్లు లెక్కపెట్టినంత మాత్రాన ఇరవయ్యో మెట్టుకంటే నలభయ్యో మెట్టు సముద్రమట్టం నుంచి రెట్టింపు ఎత్తులో ఉన్నట్టు కాదు కదా. అసలు సున్నా ఇంకా 273.15 డిగ్రీల కింద ఉంది. అక్కడి నుంచి కొలవాలని 1848లో విలియం థామ్సన్ ప్రతిపాదించాడు, ఆ తరువాత ఆయన లార్డ్ కెల్విన్ అయ్యాడు. ఆ కొలతలో మీ జనవరి 293 కెల్విన్‌లు, మే 313 కెల్విన్‌లు. పెరిగింది నూటికి ఏడు పాళ్లకు లోపే. ఆ ఏడు పాళ్లకే మనం ఇంతగా విలవిల్లాడుతున్నామంటే మన ఒళ్లు ఎంత ఇరుకైన హద్దుల్లో బతుకుతోందో చూడండి. అన్నట్టు, కెల్విన్ పక్కన 1967 నుంచి డిగ్రీ అన్న మాట వాడరు, పరీక్షలో కూడా రాయవద్దు.

జ్వరం సంగతికి వస్తే, మన ఇళ్లలో "నూటరెండు జ్వరం" అన్నది ఫారెన్‌హీట్ మాట. ఆ రోగిని సెల్సియస్‌లో చెబితే 38.9, వినడానికి కాస్త తేలికగా కూడా ఉంటుంది. బ్రిటిష్ కాలంలో వచ్చిన కొలతల్లో వాతావరణానికి సంబంధించినది మారిపోయింది, డాక్టరు చేతిలోని గాజుగొట్టంలోనిది మారలేదు. డానియల్ ఫారెన్‌హీట్ 1714 నాటికి నమ్మదగిన పాదరసపు థర్మామీటరు తయారుచేసి, 1724లో తన కొలమానాన్ని ప్రచురించాడు. మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమపు చలిని ఆయన సున్నా అన్నాడు, మంచు కరిగేది 32 అన్నాడు, మనిషి ఒంటి వేడి 96 అన్నాడు. నీరు మరిగే ఉష్ణోగ్రత గాలి పీడనాన్ని బట్టి మారుతుందని గమనించినది కూడా ఆయనే. తరువాతి కాలంలో మంచునీటిని 32 దగ్గర, మరిగే నీటిని 212 దగ్గర స్థిరపరచి మధ్య 180 భాగాలు చేశారు, ఆ సర్దుబాటులో ఒంటి వేడి 98.6కు జరిగింది.

స్వీడన్‌లోని ఉప్సలాలో ఖగోళశాస్త్రం బోధించిన ఆండర్స్ సెల్సియస్ 1742లో నూరు భాగాల కొలమానం చేశాడు. కానీ ఆయన కొలమానంలో నీరు మరిగేది సున్నా దగ్గర, గడ్డకట్టేది 100 దగ్గర! 1744లో ఆయన పోయిన తరువాత కొద్దికాలానికే దాన్ని తిరగేశారు. ఫ్రాన్సులోని లియాన్‌లో జాన్ పియర్ క్రిస్టిన్ 1743లోనే ఇప్పటి వరుసలో మరో కొలమానం తయారుచేశాడు. ఈ నూరు భాగాల కొలమానాన్ని సెంటీగ్రేడ్ అని పిలవడం మాని సెల్సియస్ అని పిలవాలని 1948లో అంతర్జాతీయంగా నిర్ణయించారు. మన పెద్దలలో చాలామంది ఇప్పటికీ సెంటీగ్రేడ్ అనే అంటారు, అందులో తప్పేమీ లేదు.

ఇంతకీ నీటి పేరు మీద పుట్టిన ఈ కొలమానం ఇప్పుడు నీటి చేతిలో లేదు. నీరు మరిగే స్థానం ఇంతగా పీడనాన్ని బట్టి జారిపోతుంటే దానికి కొలత కట్టడం కష్టమని, 1954లో మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉండగలిగే ఒకే ఒక్క స్థితిని ఆధారంగా తీసుకొని దానికి 273.16 కెల్విన్‌లు అని పేరు పెట్టారు. 2019 నుంచి దాన్నీ వదిలేసి బోల్ట్జ్‌మన్ స్థిరాంకం అనే అంకెతో కెల్విన్‌ను నిర్వచించారు. 1990 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ కొలమానం ప్రకారం చూస్తే, 760 మిల్లీమీటర్ల పీడనం కింద స్వచ్ఛమైన నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర కాదు, 99.97 దగ్గర. అరకు బడిలోని థర్మామీటరు మీద ఈ తేడా కనిపించదు. దాని మీద రెండు గీతల మధ్య దూరమే ఒక డిగ్రీ.